హేజెల్ మీద ఒకటికి నలభై

సిరిల్ టెబట్ మంచివాడని మా బ్రాక్లీ ఊళ్ళో ఎవరూ ప్రత్యేకంగా అనేవాళ్ళు కాదు. "సిరిల్ రాశాడంటే అదే రేటు" అనేవాళ్ళు. పందేల షాపులో పనిచేసే మనిషికి అంతకు మించిన మెప్పు ఉంటుందని నేననుకోను. పాతికేళ్ళకి పైగా అతని పక్కనే పనిచేశాను కాబట్టి ఆ మాట చెప్పే హక్కు నాకుంది.

షాపు గోస్టెలో గారిది. హై స్ట్రీట్‌లో మంగలి కొట్టుకీ చేపల వేపుడు కొట్టుకీ మధ్య ఉండేది. లోపల జరిగేది దారిన పోయేవాళ్ళ కంట పడకూడదని చట్టం, అందుకని కిటికీ అద్దాలకి ఆకుపచ్చ రంగు పూసి ఉండేది. నేను కౌంటరు వెనక కూర్చుని చీటీలు తీసుకునేదాన్ని, సాయంత్రానికి గెలుపోటములు తేల్చేదాన్ని. నా పేరు ఏవిస్. సిరిల్ బోర్డు మనిషి. గుర్రాల రేట్లు లండన్ నుంచి మూలనున్న స్పీకర్లో వచ్చేవి. అవి విని రాయడం, మారితే తుడిచి మళ్ళీ రాయడం అతని పని. అక్షరాలు అచ్చు వేసినట్టు ఉండేవి.

కార్ల సంగతి వేరు. సిల్వర్‌స్టోన్ కార్ల పందేల ట్రాకు మాకు కూతవేటు దూరం. ఆ చుట్టుపక్కల రెండిళ్ళకో షెడ్డు, షెడ్డుకో విప్పిన ఇంజను. ఏటా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా చిన్న కార్లకి కౌంటీ కప్పు జరిగేది, మొత్తం పది పందేలు. అన్నీ ఆదివారాలే. పదింటిలో ఎక్కువ పాయింట్లు వచ్చినవాడు ఛాంపియన్. ఆ కప్పు ఒకటుందని లండన్ వాళ్ళకి తెలియను కూడా తెలియదు. అందుకని దాని రేట్లు సిరిలే సొంత బుర్రతో కట్టి మార్చి మొదటి సోమవారం బోర్డు మీద రాసేవాడు.

ఒకటికి ఐదు అని రాస్తే, ఒక పౌను పెట్టినవాడికి గెలిస్తే ఐదు పౌన్లు. గెలుస్తాడని నమ్మకం ఎక్కువున్నవాడి మీద చిన్న అంకె, నమ్మకం లేనివాడి మీద పెద్ద అంకె. మంగళవారం నుంచి జనం పెట్టే డబ్బును బట్టి ఆ అంకెలు పైకీ కిందికీ కదులుతాయి, కానీ చీటీ రాయించుకున్ననాటి రేటే ఆ చీటీకి చెల్లుతుంది. సోమవారం పొద్దున రాసింది మాత్రం ఎవరి డబ్బూ తగలనిది. దాన్ని మా ఊళ్ళో "సిరిల్ రేటు" అనేవాళ్ళు. తర్వాతవన్నీ "ఊరి రేటు". ఊరి రేటులో ప్రేమా పగా బీరూ అన్నీ కలుస్తాయి. సిరిల్ రేటులో సిరిల్ ఒక్కడే ఉంటాడు.

అది కట్టే పద్ధతి కూడా చెప్పాలి. ఒక పెద్ద కాయితం తీసుకుని, ఒక్కో పేరుకి ఎదురుగా మూడు గళ్ళు గీసేవాడు. మొదటి గడి కారుకి, రెండోది తోలేవాడి చేతివాటానికి. మూడో గడిని "ఆగుడు" అనేవాడు. పది పందేల్లో ఎన్నిటిలో ఆ మనిషి చివరిదాకా రాకుండా మధ్యలో ఆగిపోతాడో ఆ గళ్ళో రాయాలి. మంచి కారుకి రెండు, పాత ఇంజనుకి మూడు. జనం ఎప్పుడూ మొదటి రెండు గళ్ళే చూస్తారనీ, పందేల షాపులు బతికేది మూడో గడి మీదేననీ నాకు వందసార్లయినా చెప్పి ఉంటాడు. నూట ఒకటోసారి చెప్పినప్పుడు కూడా కొత్త సంగతిలాగే చెప్పాడు.

అతని బతుకులో చెప్పుకోవలసినవి పెద్దగా లేవు. వాళ్ళ నాన్నలాగే బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసేవాడు. అరవై ఒకటిలో పందేల షాపులు చట్టబద్ధమయ్యాక, చేతిరాత బాగుందని గోస్టెలో పెద్దాయన, అంటే ఇప్పటి గోస్టెలో గారి నాన్న, పిలిచి బోర్డు అప్పజెప్పాడు. పెళ్ళాం నోరా కెట్టరింగ్‌లో డ్రైవింగ్ నేర్పే ఒకాయనతో వెళ్ళిపోయింది. ఊళ్ళో దాని మీద రావలసిన జోకులన్నీ వచ్చాయి, సిరిల్ విన్నాడు, అవి పాతబడే దాకా ఓపిక పట్టాడు. అప్పటికి కూతురు హేజెల్‌కి పదిహేనేళ్ళు. ఆ పిల్లని అతనే పెంచాడు, అంటే ఆదివారాలు ఓవెన్లో మాంసం కాల్చి, బంగాళాదుంపలు వేపి, ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించాడు. వారంలో మిగతా రోజులు ఆమే అతన్ని పెంచిందని నా అభిప్రాయం.

హేజెల్ గ్యారేజీలో గేర్‌బాక్సులు బాగుచేసే పనిలో చేరింది. ఎనభై ఒకటిలో గుద్దుకుని నలిగిపోయిన ఒక చిన్న కారు కొని పెరటి షెడ్డులో పెట్టుకుంది. రెండు చలికాలాలు దానితోనే. సిరిల్ లైటు పట్టుకుని నిలబడేవాడు, టీ తెచ్చేవాడు, ఇది ఎందుకని ఒక్కసారీ అడగలేదు. నిజానికి ఇరవై రెండేళ్ళుగా కార్ల పందేలకి రేట్లు కడుతున్న మనిషి, పట్టుమని పది మైళ్ళ దూరం లేని ట్రాకుకి ఒక్కసారైనా వెళ్ళలేదు. అడిగితే, చూస్తే అంకెలు పాడవుతాయనేవాడు.

ఎనభై మూడు ఫిబ్రవరిలో కౌంటీ కప్పుకి పేర్లు వచ్చాయి. పంతొమ్మిది పేర్లు. పదకొండోది హేజెల్ టెబట్.

గోస్టెలో గారు ఆ కాయితం చూసి వెంటనే లెక్కలో పడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, చర్చిలో చందాల పళ్ళెం తిరుగుతున్నా ఇందులో తన వాటా ఎంతా అని ఆలోచించే రకం. హేజెల్‌కి ఒకటికి పన్నెండు రాయమన్నాడు. తండ్రే పన్నెండు రాశాడంటే లోపల ఏదో సంగతి ఉందనుకుని ఊరంతా జేబులు విదిలిస్తుందన్నాడు.

"నా కూతురైనా నీ కూతురైనా కాయితం మీద ఒకటే," అన్నాడు సిరిల్.

తన కూతుళ్ళకి సైకిలు తొక్కడం కూడా రాదని గోస్టెలో గారు గొణుక్కుంటూ పోయాడు.

ఆ సోమవారం పొద్దున గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం రోజున్నంత మంది ఉన్నారు షాపులో. అందరికీ కావలసింది ఒక్క అంకె. సిరిల్ మెల్లిగా పై నుంచి రాసుకుంటూ వచ్చాడు. కిందటేడు గెలిచిన డెంజిల్ ఫ్రేన్ మీద రెండుకి ఐదు. అతని తర్వాతి వాళ్ళు ఆరు, ఎనిమిది, పద్నాలుగు. పదకొండో వరసకి వచ్చి పేరు రాశాడు. ఆగకుండా పక్కన నలభై రాశాడు. ఆ కింద యాభై పడినవాళ్ళు ఇద్దరే ఉన్నారు, వాళ్ళలో ఒకడికి అరవై ఏడేళ్ళు.

పర్సీ మన్స్ అనే రిటైరైన పోస్ట్‌మాన్ మా షాపులో కుర్చీలాంటివాడు, పొద్దున తలుపు తీస్తే ఉంటాడు. "సొంత కూతురు కదయ్యా," అన్నాడు. సిరిల్ మార్కరుకి మూత పెట్టాడు. పర్సీ రెండు పౌన్లు హేజెల్ మీద పెట్టాడు. ఆ పిల్ల మీద జాలితో పెట్టానని అందరికీ వినపడేలా చెప్పాడు. దాంతో ఇంకో పాతికమంది జాలిపడ్డారు. ఒక పౌను జాలి, అరపౌను జాలి.

ఒంటిగంటకి హేజెల్ వచ్చింది. మోచేతుల దాకా గ్రీజు. బోర్డు చదివింది, కౌంటరు దగ్గరికి వచ్చి చీటీ అడిగింది, తన పేరు తనే రాసుకుని ఒక పౌను పెట్టింది. పక్కన రేటు వేసి సంతకం చెయ్యమంది నన్ను. చేశాను. అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"నలభయ్యా?"

"నలభై."

"ఎవరి లెక్క అది?"

"నాదే."

"సరే," అని వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. ఆ వారమే బట్టలు సర్దుకుని గ్యారేజీ మీదున్న గదిలోకి మారింది, షెడ్డులో కారు కూడా తీసుకుపోయింది.

సిరిల్‌కి ఏం కావాలో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ప్రతి సోమవారం పొద్దున స్పీకరు మోగే లోపు నాకే చెప్పేవాడు. ఆదివారం ఆమె తన ఎదురుగా కూర్చుని తినాలి. అంతే. బంగాళాదుంపలు ఇంకా ఇద్దరికీ చెక్కు తీస్తున్నాననీ, చెయ్యి తక్కువ తియ్యనంటోందనీ చెప్పాడోసారి. పోయి ఆ అంకె తప్పని ఒప్పుకో, వస్తుంది అన్నాను. తప్పైతే ఒప్పుకుంటానన్నాడు. తప్పు కానిదాన్ని కూతురి కోసం తప్పంటే, రేపటి నుంచి తను రాసే ఏ అంకెనైనా ఎవరైనా ఎందుకు నమ్మాలన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

పందేలు మొదలయ్యాయి. ఏప్రిల్లో హేజెల్ ఆరోస్థానం. మేలో మూడోది. జూన్లో వాన కురుస్తుంటే మగవాళ్ళంతా జారుకుంటూ పోయి గడ్డిలో పడ్డారు, ఆమె గెలిచింది. సిరిల్ నలభై తుడిచి ఇరవై ఐదు రాశాడు, తర్వాత పద్నాలుగు, తర్వాత ఎనిమిది. ఊరు మొత్తం ఆమె మీదే పెడుతోంది. ఇప్పుడు జాలి కాదు, పౌరుషం. నలభై దగ్గర రాయించుకున్న చీటీలు జనం పర్సుల్లో పిల్లల ఫొటోల పక్కన పెట్టుకున్నారు.

ఆ పిల్ల గెలిస్తే ఆ చీటీలన్నిటికీ డబ్బిచ్చి, సిరిల్ జీతం ఎవరి జేబులోంచి ఇవ్వాలో చెప్పమని గోస్టెలో గారు అడగడం మొదలుపెట్టాడు. పాపం సిరిల్ సంతోషపడటానికీ లేదు, బాధపడటానికీ లేదు. ప్రతి పందేనికీ వెళ్ళొచ్చే పర్సీని సోమవారం ఒక్కటే అడిగేవాడు. కారు ఆమే తోలుకుంటూ వచ్చిందా, లాక్కొచ్చారా అని. ఆమే తోలింది, గెలిచింది కూడా అని పర్సీ చెప్తే, రెండో ముక్క వినేవాడు కాదు.

సెప్టెంబరు అయ్యేసరికి తొమ్మిది పందేలు అయిపోయాయి. డెంజిల్ ఫ్రేన్ మూడు పాయింట్ల ముందున్నాడు, వెనకే హేజెల్. అక్టోబరు మొదటి ఆదివారం ఆఖరి పందెం. అందులో ఫ్రేన్ కంటే ముందొస్తే కప్పు ఆమెది.

ఆఖరి పందేనికి ముందు బోర్డంతా తుడిచి కొత్తగా మొదలుపెట్టడం మా షాపు ఆనవాయితీ. అంటే మళ్ళీ కాయితం, మళ్ళీ మూడు గళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం గుర్రాల మధ్య ఖాళీ దొరికినప్పుడు, సిరిల్ వెనక గదిలో కూర్చుని మార్చి నాటి కాయితం బయటికి తీశాడు, పోల్చి చూసుకుందామని. నేను ఫ్లాస్కులోంచి టీ వంపుకుంటున్నాను.

అతను కాయితం నా వైపు తిప్పి, మూడో గడి మీద వేలు పెట్టాడు. పైనుంచి కిందికి చదివాను. రెండు, రెండు, మూడు, రెండు. పదకొండో వరసలో ఆరు. మళ్ళీ రెండు, మూడు, రెండు. అరవై ఏడేళ్ళాయనకి కూడా మూడే.

"ఇదెవరు రాశారు?" అన్నాడు.

"ఆ చేతిరాత ఊళ్ళో ఇంకెవరికీ లేదు," అన్నాను.

పది పందేల్లో ఆరింట హేజెల్ చివరిదాకా రాదని రాశాడు. తొమ్మిది జరిగితే తొమ్మిదింటా వచ్చింది. ఆమె చేతివాటానికి రాసింది చూశాను, ఫ్రేన్ తర్వాత అంత ఎక్కువ ఎవరికీ వెయ్యలేదు. కారుకీ తక్కువ వెయ్యలేదు. ముంచింది ఆ ఒక్క గడే.

అప్పుడు అతను చెప్పింది నాకు కొత్త కాదు, నేనూ అక్కడే ఉన్నాను కదా. పందెం మధ్యలో మానుకున్నవాడి పేరు మీద మా బోర్డు మీద ఒక గీత గీస్తాం. చనిపోయినవాడి పేరు మీద గీత గియ్యం. తడిగుడ్డతో పూర్తిగా తుడిచి, మిగతావాళ్ళ రేట్లు మళ్ళీ కడతాం. గోస్టెలో పెద్దాయన పెట్టిన మర్యాద అది. అన్ని రకాల కార్ల పందేలూ కలిపి ఇరవై రెండేళ్ళలో సిరిల్ అలా నాలుగు పేర్లు తుడిచాడు. తుడిచాక అక్కడ తడి ఆరేదాకా కొత్త పేరు రాయడానికి ఉండదు, ఊరికే నిలబడాలి. ఈ ఆరు రాసేటప్పుడు దేని గురించీ ఆలోచించలేదనీ, లెక్కే వేస్తున్నాననుకున్నాననీ చెప్పాడు.

ఆ ఆరు తీసేసి రెండు పెట్టి లెక్క కట్టమన్నాను. పెన్సిలుతో కట్టాడు. ఒకటికి పన్నెండు వచ్చింది. గోస్టెలో గారు దురాశ కొద్దీ చెప్పిన అంకె.

సిరిల్ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళు సిరిల్ రేటులో సిరిల్ ఒక్కడే ఉంటాడని ఊరు నమ్మింది. నిజంగానే అతను ఒక్కడే ఉన్నాడు అందులో, అదే వచ్చిన చిక్కు.

షాపు మూశాక ఆ కాయితం పట్టుకుని గ్యారేజీకి వెళ్ళాం. నేనెందుకంటే, ఒంటరిగా పంపితే దారిలో ఉన్న వంతెన దాకా వెళ్ళి వెనక్కి వస్తాడని. ఇంకా వెలుగుంది. హేజెల్ కారు కింద నుంచి జరిగి బయటికి వచ్చింది. నాకు హలో చెప్పింది, తండ్రికి చెప్పలేదు. అతను కాయితం ఇచ్చాడు. ఆ పిల్లకి అక్షరాల కంటే ముందు వచ్చినవి ఈ గళ్ళు, చదవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆరా?" అంది.

"ఆరు."

"అంటే నేను గెలవలేనని కాదు."

"గెలవలేవని ఎప్పుడూ అనుకోలేదు. తిరిగి రావనుకున్నాను."

ఇంక ఏడ్చుకుంటూ ఒకరినొకరు పట్టుకుంటారని నేను పక్కకి తిరిగాను. నాకు అలాంటివి చూడటం చేతకాదు. హేజెల్ ఏడవలేదు. చేతిలోని పానా బల్ల మీద పెట్టింది.

"ఏడు నెలలు మోశాను నాన్నా ఆ నలభైని. నాకు చేత కాదని నువ్వన్నావని మోశాను. ఒక్కో పందెంలో ఎదుటివాళ్ళతో కాదు, దానితో పోటీపడ్డాను. ఇప్పుడొచ్చి భయమేసి రాశానంటావు."

"రాసేటప్పుడు తెలీలేదు."

"అది ఇంకా అన్యాయం."

సిరిల్ ఒప్పుకున్నాడు. అవును, అన్యాయమే అన్నాడు. ఆ మనిషి నోట ఒక అంకె గురించి అలాంటి మాట నేను వినడం అదే మొదలు. మిగతా పద్దెనిమిది మందికీ రెండూ మూడూ రాసి నీకొక్కదానికే ఆరు రాయడం తప్పేనన్నాడు. ఆదివారం భోజనానికి రమ్మనబోయాడు గానీ సగంలో మాట మింగేశాడు. హేజెల్ కాయితం మడిచి అతని కోటు జేబులో తనే పెట్టింది.

"ఎల్లుండి కాక వచ్చే ఆదివారం ట్రాకుకి రా. కళ్ళతో చూడు. చూసి ఆ గళ్ళో రెండు రాయగలిగితే, అప్పుడు భోజనం సంగతి మాట్లాడుకుందాం."

సోమవారం సిరిల్ కొత్త బోర్డు రాశాడు. అందరికీ ఒకే కొలత పెట్టి కట్టిన కాయితం ముందు నాకు చూపించాడు, నేనేదో ఆడిటర్ని అయినట్టు. ఫ్రేన్ మీద ఒకటికి ఒకటి, హేజెల్ మీద రెండుకి మూడు. ఊరు సంతోషించింది. గోస్టెలో గారు ఆ వారం మధ్యాహ్న భోజనం మానేశాడు.

ఆ ఆదివారం పర్సీ తన వ్యానులో మమ్మల్ని తీసుకెళ్ళాడు. ట్రాకు పక్కన గడ్డి దిబ్బ మీద నిలబడ్డాం. అందరూ రబ్బరు బూట్లూ పాత స్వెట్టర్లూ వేసుకుని వస్తే, సిరిల్ షాపుకి వచ్చే సూటూ టైతో వచ్చాడు. పర్సీ బేకన్ రొట్టె కొనిపెడితే చేత్తో పట్టుకుని, తినడం మర్చిపోయాడు. మొత్తం పన్నెండు రౌండ్లు.

మొదటి నుంచీ ఫ్రేన్ ముందు, హేజెల్ అతని వెనక బంపరుకి అంటుకుని. ఎనిమిదో రౌండులో మా ఎదురుగా ఉన్న మలుపులోనే లోపలి వైపు నుంచి దూరి దాటేసింది. దిబ్బ మీద జనం ఒక్కసారి లేచారు. పర్సీ టోపీ ఎటో విసిరేశాడు. సిరిల్ కార్ల వైపు చూడటం లేదు, వేళ్ళు మడుస్తూ రౌండ్లు లెక్కపెడుతున్నాడు. తొమ్మిది. ఆమే ముందు. పది. ఆమే ముందు. ఇంకా రెండే.

పదకొండో రౌండులో మలుపు తిరిగి ముందొచ్చింది ఫ్రేన్. అతని వెనక మూడోవాడు. వాళ్ళ వెనక నాలుగోవాడు. హేజెల్ లేదు.

స్పీకర్లో మాట్లాడే ఆయన వేరే దేని గురించో చెప్తున్నాడు. మైదానానికి అవతలి వైపు మాకు కనపడదు. నేను సిరిల్ మోచెయ్యి పట్టుకున్నాను. అతను నన్ను చూడలేదు. ముఖంలో రంగు లేదు, తడిగుడ్డతో తుడిచాక బోర్డు ముందు నిలబడేటప్పుడు అలాగే ఉండేవాడు. ఆ కాసేపు ఎంతసేపో నేను చెప్పలేను. నాకు ఆ మనిషి మీద అంతవరకూ ఉన్న విసుగంతా పోయింది.

మైదానం మధ్యలో గడ్డి మీద ఎవరో నడిచి వస్తున్నారు. చేతిలో హెల్మెట్ ఉంది. ముందు చక్రానికి వెళ్ళే కడ్డీ విరిగింది, అంతే. కారుని పక్కకి ఆపి దిగింది.

సిరిల్ తాడు కింద నుంచి దూరి పరిగెత్తాడు. జెండా పట్టుకున్న ఒకాయన అరిచాడు గానీ, సూటూ టై చూసి అధికారి అనుకున్నాడో ఏమో ఊరుకున్నాడు. నేను తాడు దాకా వెళ్ళాను. అక్కడికి అంతా వినపడింది. అతను ఆమె భుజాల మీద చేతులు వేసి, మణికట్ల దాకా తడుముకుంటూ వచ్చాడు, కోట్లు కుట్టేవాడు కొలతలు తీసినట్టు.

"ఓడిపోయాను నాన్నా," అంది హేజెల్.

"అవును."

"రెండు రౌండ్లు. రెండే మిగిలాయి."

"అవును."

"నువ్వు నవ్వుతున్నావు."

అతను నోరు మూసుకోవాలని చూశాడు. కుదరలేదు. అక్కడ ఒక చిన్న అబద్ధం చాలు, ఏ తండ్రయినా చెప్పేవాడు. సిరిల్‌కి ఆ అలవాటు లేదు.

"నాకు సంతోషంగా ఉంది. ఏం చెయ్యను," అన్నాడు.

కొడుతుందనుకున్నాను. కొట్టినా నేను అడ్డం వెళ్ళేదాన్ని కాదు. ఏడు నెలల పాటు కష్టపడి గెలవబోయింది పోయింది, పోయినందుకు కన్నతండ్రి నవ్వుతున్నాడు. ఆమె అతని ముఖం వైపు చూసింది. అవతల ఫ్రేన్‌కి జెండా ఊపారు, హారన్లు మోగాయి.

"నువ్వు ఆ గళ్ళో రెండు ఎప్పటికీ రాయలేవు," అంది. గొంతులో కోపం లేదు. "ఆదివారాలు భోజనానికి నేనొస్తాను. పందేలకి నువ్వు రాకు. నా పేరు పక్కన అంకె కూడా నువ్వు రాయకు, ఏవిస్ రాస్తుంది."

నన్నెవరూ అడగలేదు. సిరిల్ తల ఊపాడు. ఆమె ఫ్రేన్‌కి చెయ్యి కలపడానికి వెళ్ళింది. ఇంటికి వచ్చేటప్పుడు వ్యానులో పర్సీ టోపీ గురించే మాట్లాడుకున్నాం.

నలభై రేటు చీటీలన్నీ చిత్తుకాయితాలయ్యాయి. గోస్టెలో గారు షాపులో అందరికీ కేకు కొన్నాడు, ఎవరూ ముట్టలేదు. ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ మిగతా పేర్లన్నిటికీ సిరిల్, ఒక్క పేరుకి నేను రేటు కట్టాం. ఊరికి సంగతి తెలిసినా ఎవరూ నోరెత్తలేదు, అది మా ఊళ్ళో చిన్న విషయం కాదు. మూడో గళ్ళో నేను రెండే రాసేదాన్ని. తేలిగ్గా రాశానని చెప్పను.

పందెం ఉన్న ఆదివారాలు సిరిల్ మధ్యాహ్నం తినేవాడు కాదు. మాంసం నాలుగింటికి ఓవెన్లో పెట్టి ఆరింటికి బల్ల సర్దేవాడు. ఆమె వచ్చేది, సింకు దగ్గర మోచేతుల దాకా కడుక్కునేది, కూర్చునేది. గెలిచావా అని అతను అడిగేవాడు కాదు, ఆమె చెప్పేది కాదు. ఫలితం సోమవారం షాపులో నేను చెప్పేదాన్ని. ఇద్దరూ ఆ ఏర్పాటుకి ఎలా వచ్చారో నాకు తెలియదు.

ఎనభై ఏడు అక్టోబరులో హేజెల్ కౌంటీ కప్పు గెలిచింది. సోమవారం పొద్దున అతను కోటు విప్పుతుంటే చెప్పాను. ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. హేజెల్ కప్పుని తన వ్యానులోనే ఉంచేసి భోజనానికి లోపలికి వచ్చిందన్నమాట. అంత పెద్ద సంగతి, కనీసం నిన్న రాత్రయినా నోరు విప్పలేదా అని అడిగాను.

సిరిల్ మార్కరు మూత తీసి, గుర్రాల పేర్లు రాయడం మొదలుపెట్టాడు.

"బాగా ఆకలి మీద వచ్చింది," అన్నాడు. "బంగాళాదుంపలు రెండుసార్లు వడ్డించుకుంది."